పన్నెండో పేజీలో అమ్మాయమ్మ

నాకు ముక్కు మీద కోపం. మా అమ్మ అనేది, మా ఆయన అంటాడు, ఆఫీసులో నా ముందు అనరుగానీ వెనకాల అనుకుంటారు. పిల్లల కథలు రాసేవాళ్ళు మెత్తగా, నవ్వుతూ, గాలిలో తేలుతున్నట్టు మాట్లాడతారని లోకం అనుకుంటుంది. నేను కథ రాసేదే కోపం వచ్చినప్పుడు. ఫలానా ఇంట్లో ఆడపిల్లని బడి మాన్పించారని చెవిన పడితే చాలు, ఆ రోజు నాకు అన్నం సహించదు. కాగితం ముందు కూర్చుంటేనే ఒంట్లో వేడి దిగుతుంది. అలా తొమ్మిది పుస్తకాలు రాశాను. పదోది కూడా ఆ కోపంతోనే రాశాను. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతే.

మాది యానాం. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి ఏడేళ్ళయింది. నెల్లితోపులో మేడ మీద రెండు గదుల వాటా. మా ఆయన భానుప్రకాష్ యానాంలోనే మాస్టారు, రెండు వారాలకోసారి వచ్చి చూసి వెళతాడు. ఇంట్లో నేనూ, మొన్ననే పదో తరగతి పాసైన మా అమ్మాయి కావ్యశ్రీ. పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమి, కూరలు తరిగిపెట్టి వెళ్ళేది అమ్మాయమ్మ. మా మేడ వెనక సందులోనే ఆవిడ ఇల్లు. వాళ్ళ తాత మిల్లు పనికని వచ్చి ఇక్కడే పాతుకుపోయాడట. ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగానికి సగం తమిళం కలిపి. తెలుగు అక్షరం మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ రాదు.

అమ్మాయమ్మకి ఒక్కతే కూతురు, కళైసెల్వి. మా కావ్య ఈడుదే. వాళ్ళ నాన్న లారీ మీద తిరుగుతుంటాడు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. అందుకని ఇంటి వ్యవహారం, సంతకాలు అన్నీ అమ్మాయమ్మవే. కళైసెల్వి నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఐదేళ్ళుగా నా కథలకి మొదటి శ్రోత ఆ పిల్లే.

దానికో పద్ధతి ఉంది. కథ రాయడం అయ్యాక సాయంత్రం మెట్ల మీద కూర్చుంటాను. కళైసెల్వి ముందు చేటలో వేరుశనక్కాయలు పోస్తాను. నేను చదువుతుంటే తను ఒలుస్తూ వింటుంది. ఒలిచే చేతులు ఆగాయంటే కథ నడుస్తోందన్నమాట. ఒలుపు వేగం పెరిగిందంటే ఆ పేరా కొట్టెయ్యాలి. ఒకసారి నా కథలో ఏనుగు చదువు గొప్పతనం గురించి అర పేజీ ఉపన్యాసం ఇచ్చింది. పిల్ల చేతులు మిషనులా ఆడాయి. "ఏనుగు అట్లా మాట్లాడదు పెద్దమ్మా, అది మీరు మాట్లాడినట్టుండాది" అంది. కోపం వచ్చింది. అయినా ఆ రాత్రే కొట్టేశాను. అక్షరం రాని చెవి దగ్గర మన వేషాలు సాగవు.

పదో పుస్తకం పేరు 'నీలం డ్రమ్ము'. ఆ ఒక్క కథా ఆ పిల్లకి వినిపించలేదు. పదో తరగతి పరీక్షల్లో ఉంది, ఇబ్బంది పెట్టకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వింటే ఏమంటుందో నాకు లోపల తెలుసు. ఇది మా అమ్మే కదా పెద్దమ్మా అంటుంది.

కిందటి నవంబరు చివర తుఫాను వచ్చింది కదా, ఆ మర్నాడు పొద్దున నేను వాళ్ళ సందులోకి బన్ను ప్యాకెట్లు తీసుకెళ్ళాను. సందంతా బురద నీళ్ళు. తలుపు తీసే ఉంది. లోపల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, వాళ్ళు బియ్యం పోసుకునేది, దాని మూత మీద అమ్మాయమ్మ కూర్చుని ఉంది. మూత కింద నుంచి బడి సంచి పట్టీ వేలాడుతోంది. కళైసెల్వి ఆ పట్టీ పట్టుకుని, ఇయ్యమ్మా, ఇయ్యి అని ఏడుస్తోంది. తల్లి ఇవ్వడం లేదు, పైగా గట్టిగా కసురుతోంది. బన్నులు పక్కింటావిడ చేతికిచ్చి వెనక్కి వచ్చేశాను. ఇంటికి వచ్చేసరికి నాకు కథ దొరికింది. కథలో ఆ తల్లి కూతురి సంచిని డ్రమ్ములో దాచి, దాని మీద కూర్చుని, "నీకు చదువెందుకే, ఇల్లు కడుగు. ఆడదానికి చీపురే బలపం" అంటుంది. ఆ వాక్యం రాసిన రోజు నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

బొమ్మలు వేసే ఉమామహేష్ విజయవాడలో ఉంటాడు. ఆ ఊరి ఇళ్ళు ఎలా ఉంటాయి మేడం, ఏదైనా ఫోటో ఉంటే పంపండి అన్నాడు. కళైసెల్వి పుట్టినరోజున వాళ్ళింట్లో తీసిన ఫోటో ఫోనులో ఉంటే పంపేశాను. దాంట్లో డ్రమ్ము ఉంది, తలుపు ఉంది, రెండు వైపులా ముక్కుపుడకలతో అమ్మాయమ్మ ఉంది. అతను మంచి పనివాడు, ఏదీ వదల్లేదు. వేసిన బొమ్మలు ఫోనులో అగ్గిపెట్టెంత సైజులో చూసి బాగున్నాయన్నాను. నేను అక్షరాల మనిషిని. పుస్తకం అంటే నా దృష్టిలో రాసిన మాటలే.

జూన్ నెల మొదటి సోమవారం పుస్తకాలు వచ్చాయి. రాజమండ్రిలో మా ప్రచురణకర్త రామభద్రరావుగారు పది కాపీలు పంపారు. రెండు వేల కాపీలు ఒక ట్రస్టు వాళ్ళు కొన్నారు, యానాం చుట్టుపక్కల ఆడపిల్లలకి బళ్ళు తెరవగానే పంచుతారట. నా కాలు నేల మీద నిలవలేదు. అమ్మాయమ్మ గిన్నెలు తోముతుంటే వెళ్ళి ఒక కాపీ చేతిలో పెట్టాను. చదవడం రాదు కదా, బొమ్మలు చూసి సంతోషిస్తుంది అనుకున్నాను. ఆ బొమ్మల్లో ఎవరున్నారో నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని పేజీలు తిప్పింది. వాన బొమ్మ చూసి నవ్వింది. పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది. వేలు డ్రమ్ము మీద పెట్టింది, తర్వాత ముక్కుపుడకల మీద పెట్టింది.

"ఈడ ఏమి రాసుండారు అక్కా?" అంది.

"అదా, పిల్లల కథలే" అన్నాను.

"ఈమె ఏమో చెప్తా ఉండాది గదా. ఏందది?"

"పాలు పొంగుతాయి, ఉండు" అని పొయ్యి దగ్గరకి వెళ్ళాను. లోకం మొత్తానికి కథలు చదివి వినిపించే నేను ఆ రెండు వాక్యాలు చదవలేకపోయాను.

అమ్మాయమ్మ పుస్తకం పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. "కావ్యా, ఈడ ఏముందో చదువు పాపా" అంది. కావ్య మూడో తరగతి దాకా యానాంలో చదువుకుంది, తెలుగు గడగడా చదువుతుంది. నేను వద్దనేలోపే చదివేసింది. నీకు చదువెందుకే, ఇల్లు కడుగు, ఆడదానికి చీపురే బలపం. నేను గొప్పగా రాశాననుకున్న వాక్యం మా ఇంట్లో మా పిల్ల గొంతులో వినిపిస్తుంటే నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

"నేను ఎప్పుడన్నా అట్లా అన్నానా పాపా?" అని అమ్మాయమ్మ కావ్యని అడిగింది. నన్ను అడగలేదు. కావ్య తల అడ్డంగా ఊపింది. ఆవిడ పుస్తకం చంకలో పెట్టుకుని, మిగిలిన గిన్నెలు కూడా తోమేసి, వెళ్ళిపోయింది.

మంగళవారం రాలేదు. బుధవారం సాయంత్రం కళైసెల్వి వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"అమ్మ ఇంక పనికి రాదంట పెద్దమ్మా. పళ్ళికూడానికీ రాదంట, సంతకం పెట్టేదానికి."

ఆ పిల్లకి ప్లస్ వన్‌లో, అంటే మన ఇంటర్ మొదటి ఏడాదిలో, సైన్సు గ్రూపు సీటు వచ్చింది. వాళ్ళ వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి. తల్లో తండ్రో స్వయంగా వచ్చి, మార్కుల షీటూ టీసీ చూపించి సంతకం పెట్టాలి. ఆఖరి రోజు శుక్రవారం. తండ్రి లారీ మీద ఎక్కడో ఉన్నాడు.

"ఎందుకు రాదట?" అన్నాను.

"బుక్కులో నేనే గదా బడి మాన్పించే అమ్మ, ఊరికే చెడ్డ పేరు వచ్చినాక మాన్పించేస్తే ఏమి అంటా ఉండాది. పాప్పాత్తి అత్త నెహ్రూ వీధిలో బట్టల కొట్లో చెప్పిందంట. నన్ను సోమవారం నించీ పనికి రమ్మన్నారంట." ఆ పిల్ల ఏడవడం లేదు. అదే నాకు భరించలేనట్టుంది.

నాకు మామూలుగా వచ్చే కోపమే వచ్చింది. చూశావా, నేను రాసిందే నిజమైంది, సమయం వస్తే ఈ తల్లులంతా ఇంతే అనుకున్నాను. చెప్పులు తగిలించుకుని విసవిసా ఆ సందులోకి నడిచాను. దారి పొడుగునా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ఏనుగు ఉపన్యాసం కంటే పెద్దది.

వాళ్ళ అరుగు మీద పాప్పాత్తి కూర్చుని ఉంది. అమ్మాయమ్మకి ఆడబిడ్డ, సందు మొదట్లో ఇడ్లీల బండి ఆవిడదే. ఒళ్ళో నా పుస్తకం. పక్కింటి వాళ్ళిద్దరికి పన్నెండో పేజీ చూపిస్తోంది. నన్ను చూసి నవ్వి, "రాండి రాండి, మా అమ్మాయమ్మని బుక్కులో వేసినారే" అంది. నేను నేరుగా లోపలికి వెళ్ళాను.

"నీ కోపం నా మీద చూపించు అమ్మాయమ్మా. పిల్ల మీద చూపిస్తావేం?" అన్నాను కూర్చోకుండానే.

"మీరు మీ కోపం యాడ చూపిచ్చినారు అక్కా? నా మీదనే గదా. అచ్చేసి."

తయారు చేసుకున్న ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. ఆవిడ బియ్యం ఏరుతోంది, చేటలోంచి తల ఎత్తలేదు.

"పుయలు గాలివాన మర్నాడు బన్నులు తెచ్చినారు. యాడ నిలబడి ఉండారు?"

"సందులో, మీ గుమ్మానికి కాస్త ఇవతల."

"లోపలికి ఎందుకు రాలే?"

"నీళ్ళు... బురదగా ఉంది."

"ఆ. చీర తడుస్తాది. అందుకనే సగం చూసినారు" అంది. అప్పుడు తల ఎత్తి మిగతా సగం చెప్పింది. అరవలేదు, ఏడవలేదు.

"కాలవ నీళ్ళు ఇంట్లోకి వచ్చినాయి. మంచం కోళ్ళు మునిగినాయి. పైన పెడదామంటే కప్పు కారతా ఉండాది. తడవకుండా ఉండేది ఇంట్లో ఒకటే, ఈ డ్రమ్ము. బియ్యం తీసి చీరలో మూట కట్టి మేకుకి తగిలించినా. బిడ్డ సంచి, సైన్సు రికార్డు నోటు, అన్నీ దీంట్లో పెట్టినా. బియ్యానికైతే బరువుంటాది, డ్రమ్ము కదలదు. పుస్తకాలకి ఏమి బరువు అక్కా? తేలతా ఉండాది, పక్కకి ఒరగతా ఉండాది. అందుకని నేను ఎక్కి కూచున్నా. తెల్లారేదాకా దిగలే. పొద్దున ఈ పిల్ల, రికార్డు తడిసిందేమో చూడాల, సంచి ఇయ్యి అని ఒకటే ఏడుపు. కప్పు ఇంకా కారతా ఉండాది, మూత తీస్తే లోపల పడతాది, మూసుకోని ఉండమని తిట్టినా. అప్పుడు వచ్చినారు మీరు."

"మరి బియ్యం?" అన్నాను.

"మేకు ఊడి మూట నీళ్ళల్లో పడింది. సగం పోయింది. సగం ఆరబెట్టి, వాసన వస్తా ఉన్నా తిన్నాం."

నేను కింద కూర్చున్నాను. ఆరోజు నాలుగడుగులు వేసి, ఏమైంది అని ఒక్క మాట అడిగి ఉంటే అర నిమిషంలో చెప్పేది. నేను అడగలేదు. అడిగితే నా కథ పోతుంది. పదేళ్ళుగా ఆడపిల్లల చదువు గురించి రాస్తున్న మనిషిని, ఆ చదువు మీద రాత్రంతా బరువుగా కూర్చున్న ఆడదాన్ని దుర్మార్గురాలిని చేసి అచ్చేశాను.

"తప్పు రాశాను అమ్మాయమ్మా" అన్నాను.

"తప్పని ఎవురికి తెలుస్తాది? నాకు అక్షరం లేదు, దుడ్డు లేదు. ఈ సందులో తలెత్తుకోని తిరిగింది ఒక్కదానికే, నా బిడ్డని చదివిస్తా ఉండానని. అదే తీసేసినారు. ఇంక ఎవురి కోసం అక్కా ఈ పాట్లు?" ఈసారి చేట కింద పెట్టేసింది. కళైసెల్వి గోడకి ఆనుకుని చూస్తోంది.

"ఏం చేస్తే సంతకం పెడతావు చెప్పు."

"అచ్చయింది మార్చండి. అప్పుడు వస్తా."

"ఎల్లుండే ఆఖరు రోజు. అంతలో ఎలా?"

"ఆ తేదీ నేను పెట్టలే" అని మళ్ళీ చేట అందుకుంది.

ఇంటికి వచ్చాను. కావ్య అన్నం వడ్డించింది. నేను కలుపుతూ కూర్చున్నాను. జరిగింది చెప్పాను. అది విని, "అమ్మా, ఒకటి అడగనా? నా గురించి ఎప్పుడూ ఎందుకు రాయలేదు?" అంది.

"సొంత పిల్ల గురించి ఎవరైనా రాస్తారా?"

"ఎనిమిదో తరగతిలో నాకు లెక్కల్లో తక్కువ వచ్చాయని మూడు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. మంచి కథ అది. రాయవు. ఎందుకంటే నేను చదవగలను."

చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి కూడా లేచింది. కంచంలో దించేశాను. పిల్ల అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. తిరగబడి మాట్లాడలేనివాళ్ళ గురించి రాయడం చాలా తేలిక.

కంచం తోసేసి నా తొమ్మిది పుస్తకాలూ కింద పరుచుకుని కూర్చున్నాను. అన్నిట్లోనూ టీచరు దేవత. అన్నిట్లోనూ అమ్మ అడ్డం. ఒకమ్మ నీళ్ళు తెమ్మంటుంది, ఒకమ్మ తమ్ముణ్ణి చూసుకోమంటుంది, ఒకమ్మ పెళ్ళి అంటుంది. ఒక్క అమ్మకీ నేను పేరు కూడా పెట్టలేదు. అమ్మని చెడ్డదాన్ని చేస్తే కథ తొందరగా పరిగెడుతుంది, అదీ రహస్యం. మా అమ్మ పుస్తెలతాడు తీసి అమ్మి నన్ను డిగ్రీ చదివించింది. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నాకు ఏడుపు వచ్చింది, కాసేపు ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కుని రామభద్రరావుగారికి ఫోను చేశాను.

"పన్నెండో పేజీ మార్చాలండీ. ఆ తల్లి కనబడేది ఆ ఒక్క పేజీలోనే" అన్నాను.

"ఏంటమ్మా, బైండింగు కూడా అయిపోయింది. సోమవారం పుస్తకాలు లారీ ఎక్కుతున్నాయి."

"ఎక్కించకండి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎలా నాగశ్రీగారూ? పోనీ చివర తప్పొప్పుల పట్టిక ఒకటి పెట్టేద్దాం."

"ఆవిడకి చదవడం రాదండి. బొమ్మ చూస్తుంది. బొమ్మే మారాలి, దానికింద మాటా మారాలి. కొత్త పేజీ విడిగా అచ్చు వెయ్యండి, పాతదాని మీద అతికిద్దాం."

"రెండు వేల పుస్తకాలకా? ఎవరతికిస్తారు?"

"నేను. సెలవు పెట్టి రాజమండ్రి వస్తాను. మా కావ్య కూడా వస్తుంది. గుడ్డా మైదాపిండి జిగురూ సిద్ధంగా పెట్టండి చాలు."

ఆయన కాసేపు నసిగారు. నా సంగతి ఆయనకి తెలుసు, తొమ్మిది పుస్తకాల పరిచయం. "కొత్త మాట రేపు రాత్రికి పంపండి" అని పెట్టేశారు. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కోవలసిందీ నేనే. ఉమామహేష్‌కి ఫోను చేస్తే ఆ కుర్రవాడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పండి మేడం అన్నాడు.

ఆ రాత్రి కొత్త పేజీ రాశాను. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బజారుకి వెళ్ళి పచ్చి వేరుశనక్కాయలు కొని అమ్మాయమ్మ ఇంటికి వెళ్ళాను. ఈసారి గుమ్మం దాటి, లోపల డ్రమ్ము పక్కన కింద కూర్చున్నాను. శనక్కాయలు చేటలో పోసి ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ నన్ను చూసి, కాయలని చూసి, ఒలవడం మొదలుపెట్టింది. నేను చదివాను.

"ఆ అమ్మ దేవతలాంటిది. కూతురి చదువు కోసం తిండిగింజల్ని సైతం త్యాగం చేసింది..."

ఆవిడ చేతులు మిషనులా ఆడాయి. కళైసెల్వి నా వైపు చూసి నోరు మూసుకుంది, నవ్వాపుకుంటూ.

"ఏంది అక్కా ఇది, త్యాగం గీగం" అంది అమ్మాయమ్మ. "బియ్యం పోతే మళ్ళా కొంటాం. రికార్డు నోటు పోతే ఆ బొమ్మలన్నీ మళ్ళా ఎవురేస్తారు? అంతే నేను అనుకునింది."

"అలాగే రాస్తాను." రాశాను.

"బిడ్డని తిట్టినా, అదీ రాయండి. ఊరికే మంచిదాన్ని చెయ్యబాకండి."

అదీ రాశాను. డ్రమ్ము ఎలా ఒరిగిందో, కాళ్ళు నీళ్ళలో ఎంతసేపు నానాయో, నిద్ర ఆపుకోవడానికి ఏం చేసిందో ఒక్కొక్కటే అడిగాను. ఆవిడ చెప్పింది. రికార్డు నోటులో ఉన్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే తలుచుకుందట, కప్పా, గుండెకాయా, మందారపువ్వూ. కూతురు గీస్తుంటే పక్కన కూర్చుని చూసినవే. కొట్టేసి, దిద్ది, మొదటినుంచి మళ్ళీ చదివాను. ఈసారి సగంలో శనక్కాయ చేతిలో అలాగే ఉండిపోయింది. చదవడం అయ్యాక కూడా చాలాసేపు ఒలవలేదు.

ఉమామహేష్ పంపిన బొమ్మ ఫోనులో చూపించాను. అదే ఇల్లు, అదే డ్రమ్ము. చుట్టూ నీళ్ళు. డ్రమ్ము లోపల పుస్తకాలు కనబడేలా వేశాడు. పైన అమ్మ, కాళ్ళు బిగించి, కళ్ళు తెరుచుకుని. ముక్కుపుడకలు తీసేశాడు, గుర్తుపట్టకుండా ఉండాలని నేనే చెప్పాను.

"ముక్కుపుడకలు పెట్టమనండి. నేనని తెలియాల" అంది అమ్మాయమ్మ. తర్వాత నా చేతిలో కాగితం మీద వేలు పెట్టింది. "దీంట్లో మీ సంతకం పెట్టి నాకు ఇయ్యండి. పాప్పాత్తి వదినకి చూపించాల."

పెట్టాను. నా చెయ్యి పుస్తకావిష్కరణల్లో పెట్టినట్టు గిరగిరా తిరగలేదు, తిన్నగా నా పేరు రాశాను. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుని, "రేపు ఎన్ని గంటలకు పోవాల?" అంది. కళైసెల్వి లేచి పెరట్లోకి పరిగెత్తింది. అప్పటిదాకా ఏడవని పిల్ల అక్కడ వెక్కివెక్కి ఏడవడం ఇద్దరికీ వినిపించింది. మేమిద్దరం లేవలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి బడి ఆఫీసు గదిలో వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చాక గుమాస్తా కాగితాలు అడిగాడు. అమ్మాయమ్మ ప్లాస్టిక్ కవరు విప్పి మార్కుల షీటు, టీసీ తీసింది. వాటితోపాటు పది పన్నెండు బియ్యపు గింజలు బల్ల మీద రాలాయి.

"ఇదేమన్నా రేషన్ షాపా అమ్మా?" అని గుమాస్తా తమిళంలో విసుక్కున్నాడు.

అమ్మాయమ్మ తొందరపడలేదు. గింజలన్నీ ఒక్కొక్కటే ఏరి కొంగుకి ముడి వేసుకుంది. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, తమిళంలో తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. వెనక వరసలో ఎవరో గొణిగారు. ఆవిడ చివరి అక్షరం పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

బయటికి వచ్చాక అడిగాను. "ఇవి కూడా డ్రమ్ములోనే పెట్టావా?"

"ఇంకేడ పెడతారు? ఇంట్లో తడవనిది అదొకటే."

"ఎప్పటినుంచి?"

"మార్కులు వచ్చిన కాడ నుంచి."

"బడి మాన్పిస్తానన్నావు కదా, ఆ రెండు రోజులు కూడానా?"

అమ్మాయమ్మ నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. "నా కోపం మీ మీద అక్కా. కాగితాలు ఏమి చేసినాయి?"

పదేళ్ళుగా నేను రాయాలనుకున్నదంతా ఆవిడ బస్టాపు దగ్గర ఒక్క మాటలో అనేసింది. నా కోపం పుస్తకమై రెండు వేల చేతుల్లో పడబోయింది. ఆవిడ మాత్రం ఎంత కోపంలోనూ కూతురి కాగితాలు తడవనివ్వలేదు.

"ఈ సంగతి రాసుకోవచ్చా?" అని అడిగాను. ఒకరి గురించి రాస్తూ అనుమతి అడగడం నా జన్మలో అదే మొదటిసారి.

"రాయండి. ముందు నాకు చదవండి. శనక్కాయలు మీరే తెచ్చుకోండి" అంది.

రాజమండ్రిలో కావ్యా నేనూ నాలుగు రోజులు కూర్చుని రెండు వేల పేజీలు అతికించి వచ్చాం. ఆ వచ్చిన మర్నాడే ఇదంతా రాసి, వాళ్ళింటికి వెళ్ళి, డ్రమ్ము పక్కన కూర్చుని చదివాను. రెండు చోట్ల ఆవిడ ఒలుపు వేగం పెరిగింది. ఆ రెండూ కొట్టేశాను.